కింద కూడా సున్నానే

మొన్న ఆదివారం పొద్దున మా చిన్నమ్మాయి, ఇక్కడే కామారెడ్డిలో ఒక బడిలో టీచరు, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని తమ బడి పరీక్షా ఫలితాల పట్టిక నింపుతూ ఉంటే, నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఒక వరుస దగ్గర ఆ యంత్రం మొరాయించింది. ఆ సబ్జెక్టు పరీక్షకు ఎవరూ కూర్చోలేదట, రాసినవాళ్ళు సున్నా, పాసైనవాళ్ళు సున్నా, శాతం వేయవలసిన గడిలో మాత్రం సున్నాతో భాగించడం కుదరదని గుర్తు వచ్చి కూర్చుంది. మా అమ్మాయి కంగారు పడలేదు. ఆ గడిలో ఒక చిన్న అడ్డగీత పెట్టి, కింది వరుసకు పోయి, చల్లారిన చాయ్ ఒక గుక్క తాగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళెం విసురుగా కింద పెట్టి, "గీత పెడితే సరిపోతదా? ఎవ్వరేమనరా?" అని అడిగాను. "ఏమంటరమ్మా, ఎవ్వరు రాయలే గదా" అని అది నా ముఖం వింతగా చూసి మళ్ళీ తన పనిలో పడింది.

దానికేం తెలుసు. అప్పుడది బడికి పోయే పిల్ల. నా వయసు వాళ్ళకు చెబితేనైనా అర్థమవుతుందేమోనని ఇదంతా రాస్తున్నాను. మనం చదువుకున్న రోజుల్లో సున్నాతో భాగించకూడదని చెప్పేవాళ్ళే గాని ఎందుకు భాగించకూడదో చెప్పినవాళ్ళు లేరు. అడిగితే వీపు మీద పడేది. ఆ దెబ్బలు తినే మనం పెద్దవాళ్ళమయ్యాం, మనలో కొందరం లెక్కల మేడములం కూడా అయ్యాం, అయ్యాక మనమూ అదే చేశాం. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

రెండువేల తొమ్మిదిలో నాకు ఎల్లారెడ్డి వైపు ఒక చిన్న సర్కారు జూనియర్ కాలేజీలో లెక్కల కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం దొరికింది. ఊరి పేరు ఇప్పుడెందుకులెండి, ఆ కాలేజీలో ఇప్పుడున్నవాళ్ళ తప్పేమీ లేదు. పొద్దున ఏడున్నరకు కామారెడ్డి బస్టాండులో పల్లెవెలుగు బస్సు ఎక్కితే, తాడ్వాయి మీదుగా, మక్కల సంచులూ పాల క్యాన్లూ పెళ్ళి బట్టల మూటలూ ఎక్కించుకుంటూ దించుకుంటూ, అడవి రోడ్డు దాటి అది నన్ను దింపేసరికి తొమ్మిది దాటేది. కాంట్రాక్టు అంటే ఏమిటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ప్రతి ఎండాకాలం ఆ ఉద్యోగం ఒకసారి చచ్చి, పై ఆఫీసులో ఎవరో దయతలచి రెన్యువల్ కాగితం మీద సంతకం చేస్తే మళ్ళీ బతికేది. మా ఆయన లారీ నడిపేవారు, నడుము దెబ్బతిని మంచం పట్టాక ఇంట్లో నలుగురికీ నా జీతమే దిక్కు. అందుకని ఏ ఏటికాయేడు మే నెల వచ్చిందంటే నాకు అన్నం సయించేది కాదు.

మొదటి ఏడు నా దగ్గర లెక్కల గ్రూపులో తొమ్మిది మంది పరీక్ష రాశారు, తొమ్మిది మందీ పాసయ్యారు. మరుసటి ఏడు ఆరుగురు, ఆరుగురూ పాసయ్యారు. ఆ తరువాత ముగ్గురు, ముగ్గురూ. పిల్లలు ఎందుకు తగ్గారంటే, పదో తరగతి పరీక్షలు అయ్యీ కాకముందే ప్రైవేటు కాలేజీల మనుషులు మోటారు సైకిళ్ళ మీద పల్లె పల్లెకూ తిరిగి, బ్యాగులూ ప్యాంటుగుడ్డలూ పంచి, పిల్లల మెమోలు చేతుల్లోంచే పట్టుకుపోయేవారు. ఉద్యమం రోజుల్లో సర్కారు కాలేజీలు వారాల తరబడి మూతపడటంతో ఉన్న కొద్దిమంది తల్లిదండ్రులకూ మా మీద నమ్మకం పోయింది. ఫిజిక్సు లెక్చరర్ పోస్టు ఖాళీ, కెమిస్ట్రీ పోస్టు ఖాళీ, లెక్కలకు నేనొక్కతినే. లెక్కలొక్కటే చదివి ఎవరు గట్టెక్కుతారు?

ఆ ముగ్గురూ ఇంటరు ముగించుకుని పోయాక, నాలుగో ఏడు మొదటి సంవత్సరంలో ఒక్కతే చేరింది. అడవి రోడ్డు మొదలయ్యే చోట బస్సు ఆగే స్టేజీ ఒకటి ఉంది, అక్కడి నుంచి లోపలికి నడిచిపోతే వచ్చే పల్లె ఆ పిల్లది. తండ్రి కూలికి దుబాయి పోయాడు, తల్లి బీడీలు చుట్టేది. నేను కిటికీ పక్కన సీటు ఆపి ఉంచితే ఆ స్టేజీలో ఎక్కి నా పక్కన కూర్చునేది, మక్క కంకుల కాలంలో రెండు కాల్చిన కంకులు కాగితంలో చుట్టి తెచ్చేది. ఇరవై బెంచీల గదిలో ఒక్క పిల్లకు పాఠం చెప్పడం ఎంత ఇబ్బందో చెప్పలేను, మన గొంతు మనకే వినపడుతుంది.

అవధుల పాఠం మొదలుపెట్టిన రోజున నేను నల్లబల్ల మీద ఎక్స్ వర్గం మైనస్ నాలుగు, దాని కింద ఎక్స్ మైనస్ రెండు వేసి, ఎప్పటిలాగే ఎక్స్‌కు రెండు ప్రతిక్షేపించి, పైన సున్నా కింద సున్నా వస్తే ఇది కుదరదు, కాబట్టి కారణాంకాలు తీసి కొట్టేయాలి అని గడగడా రాసుకుపోతున్నాను. ఆ పిల్ల లేచి నిలబడింది. "మేడం, ఏ సంఖ్యనన్న అదే సంఖ్యతోని భాగిస్తే ఒకటొస్తది అని చిన్నప్పటి సంది చెప్పిండ్రు. మరి సున్నాను సున్నాతోని భాగిస్తే ఒకటెందుకు గాదు?" అని అడిగింది. నేనేం చేశానో తెలుసా? "చెప్పింది రాసుకో, పరీక్షల అడగరు" అన్నాను. ఎదురుగా ఉన్నది ఒక్క పిల్ల, ఆ ఒక్కదాని నోరు కూడా మూయించాను. సాయంత్రం బస్సులో అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున బస్సులోనే, కండక్టరు ఇచ్చిన పాత టికెట్ల వెనక రాస్తూ చెప్పాను. ఆరును రెండుతో భాగిస్తే మూడు ఎందుకు? మూడును రెండుతో హెచ్చిస్తే ఆరు వస్తుంది కనుక. మరి ఆరును సున్నాతో భాగిస్తే ఎంత? ఏ సంఖ్యను సున్నాతో హెచ్చిస్తే ఆరు వస్తుందో వెతకాలి, లోకమంతా వెతికినా దొరకదు. సున్నాను సున్నాతో భాగిస్తే? ఇక్కడ ఒకటి చెప్పు, సరిపోతుంది. ఏడు చెప్పు, సరిపోతుంది. నూరు చెప్పు, అదీ సరిపోతుంది. అన్నీ సరిపోతున్నాయి గనుక ఇదే అని ఒక్కదాన్ని చెప్పే హక్కు మనకు లేదు. అందుకని ఆ చోట నిలబడి అడగకూడదు, ఆ చోటికి ఏ దారిన వచ్చావో చూడాలి. నిన్నటి లెక్కలో ఎక్స్‌కు రెండు ఇవ్వకు, ఒకటి పాయింటు తొమ్మిది ఇవ్వు, మూడు పాయింటు తొమ్మిది వస్తుంది, ఇంకా దగ్గరికి జరుగు, మూడు పాయింటు తొమ్మిది తొమ్మిది. అవతలి వైపు నుంచి రా, రెండు పాయింటు సున్నా ఒకటి ఇవ్వు, నాలుగు పాయింటు సున్నా ఒకటి. రెండు వైపుల నుంచీ నాలుగు దగ్గరికే వస్తున్నావు. సరిగ్గా రెండు దగ్గర ఏముందో మనకు తెలియకపోనీ, దారి నాలుగు వైపే పోతోంది, దాన్నే అవధి అంటారు. ఇంకో లెక్కలో దారి ఇంకెటో పోవచ్చు. రెండు వైపుల దారులూ రెండు చోట్లకు పోతే, అప్పుడు అవధి లేదని రాసి ఊరుకోవాలి, అది కూడా జవాబే. ఆ పిల్ల టికెట్లన్నీ తీసుకుని నోటు పుస్తకంలో అంటించుకుంది. "నిన్ననే గిట్ల చెప్తే అయిపోతుండె గద మేడం" అంది. తల వంచుకున్నాను.

ఆ ఏడు లెక్కలు రెండు పేపర్లలోనూ దానికి పూర్తి మార్కులు వచ్చాయి. ఫిజిక్సు మాత్రం అత్తెసరు మార్కులతో గట్టెక్కింది, చెప్పేవాళ్ళుంటే గదా. రెండో ఏడు కూడా ఇక్కడే ఉంటే దాని భవిష్యత్తు మట్టిపాలవుతుందని నాకు తెలుసు. తల్లిని పిలిపించి, కామారెడ్డిలో ఫలానా కాలేజీలో అన్ని సబ్జెక్టులకూ చెప్పేవాళ్ళున్నారు, దీన్ని అక్కడ వెయ్యండి అని నేనే చెప్పాను. ఇంకొకరైతే ఆ ఒక్కదాన్నీ గట్టిగా పట్టుకునేవారేమో. టీసీ తీసుకునే రోజు ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి, "నేను పోతే మీ కాడ ఎవ్వరుండరు గద మేడం" అంది. పదహారేళ్ళ పిల్లకు తట్టింది, నాకు తట్టలేదు. "నా సంగతి నీకెందుకు, నువ్వు పో" అని కసిరాను.

అయిదో ఏడు కొత్తగా ఎవరూ చేరలేదు. నేను రోజూ వెళ్ళి స్కాలర్‌షిప్పు ఫారాలు నింపుతూ, పరీక్షలకు కాపలా కాస్తూ, ఖాళీ గదిలో చాక్‌పీసు దుమ్ము పీలుస్తూ సంవత్సరం గడిపాను. మే నెలలో ఫలితాల ప్రొఫార్మా వచ్చింది. లెక్కల వరుసలో రాసినవారు సున్నా, పాసైనవారు సున్నా అని నింపి, శాతం గడి ఖాళీగా వదిలి ప్రిన్సిపాలుకు ఇచ్చాను. ఆయన దాన్ని అలాగే పంపారు. పై ఆఫీసులో ఎవరో మహానుభావుడు ఖాళీ గడి చూడలేక అందులో సున్నా వేశాడు. వాడి ముఖం నేనెప్పుడూ చూడలేదు, చూసి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు.

సున్నా శాతం. మా కాలేజీ అటెండరు ఒక ముసలమ్మ, అందరం అవ్వ అని పిలిచేవాళ్ళం, సంతకం తప్ప అక్షరం రాదు. సంగతి విని చీపురు పక్కన పడేసి, "గిదేంది బిడ్డా, పొయ్యే ముట్టియ్యలే, అన్నం మాడిందంటరా" అంది. అంత చదివిన అధికారులకు ఆ ముక్క అర్థం కాలేదు.

జూన్ మొదట్లో కామారెడ్డిలో ఒక హాలులో రివ్యూ మీటింగు పెట్టారు. ఆ మీటింగులు చూసినవాళ్ళకు తెలుసు ఆ తంతు. కాలేజీ పేరు, సబ్జెక్టు, శాతం మైకులో చదువుతారు, తక్కువ వచ్చినవాళ్ళు లేచి నిలబడాలి, ఎక్కువ వచ్చినవాళ్ళు వేదిక మీదికి పోయి శాలువా కప్పించుకోవాలి. తల నెరిసిన మనుషులను బడిపిల్లల్లా నిలబెట్టడం. మా కాలేజీ పేరు చదివి, "మ్యాథ్స్, సున్నా శాతం" అన్నారు. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఇరవై మందిలో అయిదుగురినే పాస్ చేయించినవాడు కూడా నన్ను జాలిగా చూశాడు. లేచి నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోకుండా నేరుగా వేదిక దగ్గరికి పోయాను.

"సార్, ఎవ్వరు రాయనేలేదు" అన్నాను. ఆ అధికారి నవ్వి, "మీరు లెక్కల మేడం గదా, పైన సున్నా ఉంటే కింద ఏమున్నా సున్నానే గదా" అన్నాడు. "కింద కూడా సున్నానే ఉంది సార్" అన్నాను. తొమ్మిదికి తొమ్మిది, ఆరుకు ఆరు, మూడుకు మూడు, ఒకటికి ఒకటి, ఇట్ల నూరు నూరు నూరు అనుకుంట వచ్చిన దారి సార్, ఈ సున్నా దగ్గర ఏదో ఒకటి వేసి తీరాలంటే ఈ దారిని బట్టి నూరెయ్యాలె, లేకుంటే ఏమీ వెయ్యొద్దు, సున్నా మాత్రం ఎయ్యరాదు అని చెప్పుకుపోతున్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "మేడం, మాకు పాఠం చెప్పకుండ్రి, కంప్యూటర్ల గడి ఖాళీ ఉండొద్దు, సంజాయిషీ రాసియ్యిండ్రి" అని ఆయన తరువాతి కాగితం తీశాడు.

అసలు మంట ఇంకా ఉంది. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచుతుంటే, పొద్దున నూరు శాతానికి శాలువా కప్పించుకున్న ఒక లెక్చరర్ ఆ శాలువాను సంచిలో కుక్కుకుని నా దగ్గరికి వచ్చాడు. వేరే మండలం, వేరే కాలేజీ, నాలాగే కాంట్రాక్టు. చుట్టూ చూసి, మెల్లగా, "మేడం, మా కాడ గూడ ఎవ్వరు రాయలే. పైన సున్నా కింద సున్నా కొట్టేస్తే ఒకటి, ఒకటంటే నూరు శాతమని మా క్లర్కు నూరేసిండు. నాకు ఈడికొచ్చినంకనే తెలిసింది" అన్నాడు. అతని చేతిలో పొట్లం విప్పకుండా అలాగే ఉంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకే లెక్క, అదే హాలు, ఒకరికి శాలువా, ఒకరికి సంజాయిషీ. మళ్ళీ వేదిక దగ్గరికి పోయి ఇతన్ని చూపించి ఈ నూరెక్కడిదని అడిగితే నా మాట నెగ్గేది. అడుగు వేశాను కూడా. అతని ఇంట్లో ఎంతమందో, ఏం తిప్పలో, ఆ కళ్ళు చూస్తే తెలిసిపోయింది. నా ఉద్యోగం నిలబెట్టుకోవడానికి అతనిది తీయలేక వెనక్కి వచ్చి కూర్చున్నాను. 

సంజాయిషీ నేను రాయవలసిన పని కూడా లేకపోయింది. నాలుగు రోజుల తరువాత కాలేజీకి పోతే ప్రిన్సిపాలు గదిలో అది టైపు చేసి సిద్ధంగా ఉంది. లెక్కల సబ్జెక్టులో ఉత్తీర్ణత సున్నా శాతం అయినందుకు పూర్తి బాధ్యత నాదేననీ, అందుకు చింతిస్తున్నాననీ, ఇకముందు ఫలితాలు మెరుగుపరుస్తాననీ. చదివి ఆ కాగితాన్ని చింపేద్దామనుకున్నాను. ఆయన చెడ్డమనిషి కాదు, తల పట్టుకుని, "సంతకం పెట్టుండ్రి మేడం, అయిపోతది. గిది పోతేనే మీ రెన్యువల్ ఫైలు కదులుతదట. ఎవడు చదువుతడు దీన్ని" అన్నారు. మంచం మీద మా ఆయన గుర్తొచ్చారు. ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. పెన్ను తీసి సంతకం పెట్టాను. బయటికి వస్తే అవ్వ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

ఎవడు చదువుతాడు అన్నారు గదా, చదివారు. శ్రద్ధగా చదివారు. ఆ జూన్ చివర నా రెన్యువల్ కాగితంతో పాటే ఇంకో కాగితం వచ్చింది. లెక్కల గ్రూపులో ఫలితాలు సున్నా అనీ, ఆ సంగతి సంబంధిత లెక్చరర్ స్వయంగా అంగీకరించారనీ, కనుక ఆ కాలేజీలో ఆ గ్రూపు ఎత్తివేస్తున్నామనీ, నన్ను కామారెడ్డికి మారుస్తున్నామనీ. బస్సు ప్రయాణం తప్పిందని ఇంట్లో అందరూ సంతోషించారు. మా ఆయనైతే మిఠాయి తెప్పించారు.

సామాను సర్దుకోవడానికి చివరిసారి అక్కడికి పోయిన రోజున, ఆ పిల్ల వచ్చింది. కామారెడ్డి కాలేజీ వాళ్ళు దాని ఫోటో పెద్ద ఫ్లెక్సీ మీద వేయించారట, అది చెప్పి సిగ్గుపడింది, మెమో తీసి నా చేతిలో పెట్టింది. లెక్కల్లో ఒక్క మార్కు కూడా పోలేదు. వెనక దానికన్నా కొంచెం పొట్టిగా ఇంకో పిల్ల, రెండు జడలు, చేతిలో పదో తరగతి మెమో. "మా చెల్లె మేడం. కామారెడ్డి పంపుతా అంటే అమ్మ వద్దన్నది, ఇద్దరికి బస్సు ఖర్సులు ఎల్లయంట. నేనే, మన మేడం ఉన్నది, మేడం కాడనే ఎయ్యిండ్రని చెప్పి తోల్కొచ్చిన" అంది. ఆ చిన్నపిల్ల నా వైపు చూసి, "సున్నా సంగతి మీరు టికెట్ల మీద చెప్పిండ్రట గద మేడం" అంది.

గ్రూపు ఎత్తేశారని చెప్పాను. ఎందుకని అడిగింది పెద్దపిల్ల. పైవాళ్ళు ఎత్తేశారన్నాను. సంతకం సంగతి చెప్పలేదు, ఈ రోజుకీ చెప్పలేదు. చిన్నపిల్ల ఏ గ్రూపులోనూ చేరలేదు, రెండేళ్ళు తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందని తరువాత బస్టాండులో పెద్దపిల్లే కనిపించి చెప్పింది. నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు మా అమ్మాయి పెట్టిన అడ్డగీత చూస్తే నాకెందుకంత కోపమో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇప్పటి యంత్రాలకున్న పాటి నిజాయితీ అప్పటి మనుషులకు ఉండి ఉంటే, తెలియదని, కుదరదని ఒక చిన్న గుర్తు పెట్టి ఊరుకుని ఉంటే, ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో ఇవాళ ఎంతమంది ఇంజనీర్లు ఉండేవారో, పోనీ, లెక్కలు చదివిన ఒక్క చెల్లెలైనా ఉండేది. చాలా రోజులు నా కోపమంతా ఆ అధికారి మీదా, గడిలో సున్నా వేసిన ఆ ముఖం తెలియని మనిషి మీదా ఉండేది. వాళ్ళకు లెక్కలు రావు, వాళ్ళనేమి అనగలం. నాకు వచ్చు గదా. సున్నా దగ్గర నిలబడి జవాబు చెప్పకూడదని, రెండు వైపులా చూడాలని ఆ పిల్లకు నేర్పింది నేను. నా ఒకవైపు తొమ్మిది మంది, ఆరుగురు, ముగ్గురు, ఒక్కతి ఉన్నారు. ఆ రెండోవైపు నుంచి ఒక చిన్నపిల్ల మెమో పట్టుకుని అడవి రోడ్డు మీద నడిచి వస్తూ ఉంది. నేను ఇటూ చూడలేదు, అటూ చూడలేదు, ఆ గదిలో నిలబడి సున్నా కింద సంతకం పెట్టాను.

చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి, ఆ పూట మా అమ్మాయే వండింది.